నొప్పి చెప్పుకునే ఆదివారం

"గోళ్ళు," అన్నాడు జయదేవ్, చెయ్యి చాపి.

సమీర రెండు చేతులూ ముందుకి పెట్టింది. బ్యాంకులో ఆమె బల్ల ముందు జనం ఒదిగి నిలబడతారు. ఇక్కడ, ఖిదిర్‌పూర్ ఓడల డాకు పక్కనున్న ఒకప్పటి కూలీల క్లబ్బు హాల్లో, ఆదివారం పొద్దున్నే ఆమే బడిపిల్లలా వేళ్ళు చాపి నిలబడాలి. జయదేవ్ ఒక్కో వేలినీ తన బొటనవేలితో తడిమి చూశాడు. కుడిచేతి చిటికెన వేలి దగ్గర ఆగి, జేబులోంచి నెయిల్ కట్టర్ తీసి ఇచ్చాడు.

"ఇదేటి మాస్టారూ, నిన్ననే తీసుకున్నాను కదా."

"తీసుకున్నది నిన్న. గీరుకునేది ఇవాళ. తియ్యమ్మా."

ఆ మాటలో కోపమూ లేదు, సరదా కూడా లేదు. బస్సు కండక్టర్ స్టాపుల పేర్లు చెప్పినట్టు చెబుతాడు. ఉంగరాలు తియ్యండి, గొలుసులు తియ్యండి. పళ్ళకి గార్డు తెచ్చుకోనివాళ్ళు ఇవాళ చూసి పొండి. తలకి దెబ్బ తగిలితే, నొప్పి ఉన్నా లేకపోయినా, ఆ పూటకి అంతే. చాలని ఎవరు 'బస్' అన్నా ఇద్దరూ ఆగాలి, ఎందుకన్నావని అడక్కూడదు. ఇన్నేళ్ళుగా ఇవే మాటలు చెప్పీ చెప్పీ అతనికి విసుగొచ్చింది. వినేవాళ్ళకి అంతకన్నా ముందే వచ్చింది. అయినా చెప్పడం మానలేదు. చెప్పడం మానిన రోజునే ఎవడో ఒకడు ఉంగరంతో వస్తాడని అతని భయం.

చలికాలం ఉన్నన్నాళ్ళూ ప్రతి ఆదివారం ఇక్కడ 'దోస్తీ' జరుగుతుంది. ఆ పేరు పెట్టింది గార్డెన్ రీచ్ నుంచి వచ్చే నసీమ్ భాయ్. ఆయన దగ్గర బాక్సింగ్ నేర్చుకునేవాళ్ళు కొందరు, జయదేవ్ దగ్గర కరాటే నేర్చుకునేవాళ్ళు కొందరు, ఆ నోటా ఈ నోటా విని వచ్చినవాళ్ళు కొందరు. అందరూ ఇద్దరిద్దరుగా తలపడతారు. గెలుపు లేదు, ఓటమి లేదు, చప్పట్లు అసలే లేవు. అయిపోయాక కింద కొట్లో మట్టి ముంతల్లో చాయ్ తాగి ఇళ్ళకి పోతారు.

దోస్తీకి ఒక పద్ధతి ఉంది. ఇంకెక్కడా ఉన్నట్టు లేదు. తలపడబోయే ముందు ఇద్దరూ అందరికీ వినబడేలా తమ నొప్పి చెప్పుకోవాలి. మోకాలు పట్టేసిందనో, మెడ తిరగట్లేదనో, జ్వరం తగ్గి రెండు రోజులే అయిందనో. ఎదుటివాళ్ళు "విన్నాను" అనాలి. విన్నాక ఆ చోటు వాళ్ళ పూచీ. చెప్పిన చోట తెలిసి కొట్టినవాళ్ళు ఆ చలికాలమంతా గోడవారన కూర్చోవాలి, గ్లవ్స్ ముట్టుకోకూడదు. ఈ ఆఖరి ముక్క చెప్పేటప్పుడు మాత్రం జయదేవ్ గొంతు తేలిగ్గా ఉంటుంది. ఇంతవరకూ ఎవర్నీ అలా కూర్చోబెట్టాల్సిన అవసరం రాలేదు.

గోడవారన ప్రణవ్ చాపలు బిగిస్తున్నాడు. ముక్కలు ముక్కలుగా ఉండే రబ్బరు చాపలవి. ఒకదాని పంటి సందులో ఇంకోదాని పన్ను దూరాలి. అంచులు లేస్తే కాళ్ళు తట్టుకుంటాయి. వాడు మోకాళ్ళ మీద కూర్చుని ప్రతి అతుకునీ పిడికిలితో గుద్దుకుంటూ వస్తున్నాడు. జయదేవ్ అక్క లలితాంబ కొడుకు. గార్డెన్ రీచ్‌లో కంటైనర్ల యార్డులో సూపర్‌వైజరు. వచ్చే ఆదివారం నుంచి ఈ క్లాసూ, ఈ దోస్తీ వాడివే. నెల కిందటే అందరికీ చెప్పేశాడు జయదేవ్. ఓడ సరుకు విడిపించే క్లియరింగ్ ఏజెంట్ ఆఫీసులో ఆరు రోజులు డాకు గేట్ల చుట్టూ కాగితాలు పట్టుకుని తిరగడం, ఏడో రోజు పొద్దున్నే లేచి తలకి పెట్టుకునే గార్డులన్నీ డెటాల్ గుడ్డతో తుడవడం ఇక అతని వల్ల కాదు. దసరా పూజల దగ్గర్నుంచి ఎడమ భుజం కూడా లేవడం లేదు. ఒక్క ఆదివారం, ఒకే ఒక్క ఆదివారం, తొమ్మిదింటిదాకా దుప్పట్లోంచి బయటికి రాకుండా పడుకోవాలని ఉంది.

"విశాల్, ప్రణవ్," అని పిలిచాడు. ఇద్దరి బరువులూ సరిగ్గా సరిపోయాయి.

విశాల్ హైదరాబాదు కుర్రాడు, న్యూటౌన్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. రెండు బస్సులు మారి వస్తాడు. అందరూ చుట్టూ చేరాక చెయ్యి పక్కటెముకల మీద పెట్టి చూపించాడు.

"కుడి దిక్కు, అన్నా. మొన్న బండి మీదికెళ్ళి పడ్డ. వాపు లేదు గానీ గట్టిగ ఊపిరి పీలిస్తే గుంజుతున్నది."

"మరి ఆడకపోతే ఏం?" అన్నాడు జయదేవ్.

"మెల్లగ ఆడత. గింత దూరం వచ్చిన గదా."

"విన్నాను," అన్నాడు ప్రణవ్. "నాకేటీ లేదు."

జయదేవ్ విజిల్ వేశాడు. మొదటి నిమిషం బాగానే నడిచింది. విశాల్ కాళ్ళు తేలిక, పొట్టి పొట్టి అడుగులు. ప్రణవ్ బరువుగా, ఓపిగ్గా తిరుగుతున్నాడు. ప్రణవ్ చిన్నప్పటి నుంచీ ఎడమకాలు ముందు పెట్టి నిలబడేవాడే. తంతే వెనకున్న కుడికాలితోనే. ఎడమకాలు నడవడానికి తప్ప దేనికీ పనికిరాదని జయదేవ్ ఎన్నిసార్లు చీవాట్లు పెట్టినా ఆ కాలు గాల్లోకి లేచింది లేదు. అందుకే, వాడు చిన్నగా ఎగిరి పాదాలు మార్చుకున్నప్పుడు జయదేవ్ చూపు అక్కడే ఆగిపోయింది. కుడిపాదం ముందుకొచ్చింది, ఎడమపాదం వెనక్కి వెళ్ళింది. ప్రణవ్ చెయ్యి విశాల్ మొహం మీదికి వెళ్ళినట్టే వెళ్ళింది. విశాల్ రెండు చేతులూ పైకెత్తి కాచుకున్నాడు. కింద ఖాళీ అయిన కుడి పక్కటెముకల మీద ప్రణవ్ ఎడమకాలు దిగింది.

పెద్ద చప్పుడేమీ రాలేదు. విశాల్ "బస్" అన్నాడు గానీ గాలి లేక ఆ మాట సగమే బయటికొచ్చింది. మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

"అయ్యో, సారీ, సారీ," అని ప్రణవ్ వంగాడు. చేపల బజారు నుంచి తెచ్చిన ఐసు గుడ్డలో చుట్టి నసీమ్ భాయ్ పరిగెత్తుకొచ్చాడు. జయదేవ్ విశాల్‌ని గోడకి ఆనించి కూర్చోబెట్టి, మెల్లగా ఊపిరి తీయించి, వేళ్ళతో ఒక్కో ఎముకా తడిమాడు. ఒకచోట విశాల్ అతని మణికట్టు పట్టుకుని ఆపేశాడు.

"పాపం, ప్రణవ్ చూసుకోలేదు," అంది సమీర.

"హోతా హై," అన్నాడు నసీమ్ భాయ్. "ఆటన్నాక తగుల్తాయి."

ప్రణవ్ తలెత్తి మేనమామ వైపు చూశాడు. జయదేవ్ కూడా వాణ్ణి చూశాడు. చాపల మీద ఇంకా నలుగురు తమ వంతు కోసం గ్లవ్స్ బిగించుకుంటున్నారు. ఆఫీసు, భుజం, వచ్చే ఆదివారం, దుప్పటి, అన్నీ ఒక్కసారే కళ్ళముందు తిరిగాయి. ఏదో ఒకటి అనాలి కాబట్టి అన్నాడు.

"ఇద్దరూ కాస్త చూసుకుని ఆడాలి."

ఆ మాటకి విశాల్ కళ్ళెత్తి అతన్ని చూశాడు. కాసేపటికి సమీర విశాల్‌ని టాక్సీలో ఆస్పత్రికి తీసుకెళ్ళింది. జయదేవ్ తరువాతి జతని పిలిచి విజిల్ వేశాడు.

ఎముక చిట్లిందని సోమవారం సమీర ఫోన్ చేసి చెప్పింది. డాక్టరు నెలన్నర కదలొద్దన్నాడట. జయదేవ్ అప్పుడు డాకు గేటు దగ్గర లారీల వరసలో నిలబడి ఉన్నాడు. చేతిలో కాగితాలు, చెవిలో ఫోను, ముక్కునిండా డీజిల్.

"అది బండి మీంచి పడ్డప్పుడే చిట్లి ఉంటుందిలెండి మాస్టారూ," అంది సమీర. "ఎక్స్‌రే లేకుండా రావడం అతని తప్పు కాదేటి?"

"అవును," అన్నాడు. అన్నందుకు తనమీద తనకే రోత పుట్టింది.

కాలు మార్చడం తను తప్ప ఎవరూ చూడలేదు. చూసినా వాళ్ళకి అర్థం కాదు. వాణ్ణి అడుగు అడుగునా దిద్దింది తను కాబట్టి తనకి అర్థమైంది. దోస్తీ గుంపు వాట్సాప్‌లో 'త్వరగా కోలుకో భాయ్' అని పువ్వులూ దండాలూ వచ్చి పడుతున్నాయి. ఎవరో కుర్రాడు 'ఐటీ ఎముకలు' అని నవ్వే బొమ్మ పెట్టాడు. దానికింద ఇంకో రెండు నవ్వులు. ప్రణవ్ ఏమీ పెట్టలేదు.

మంగళవారం సాయంత్రం లలితాంబ ఫోన్ చేసింది.

"ఏటిరా తమ్ముడూ, పిల్లడు రెండు రోజుల్నించి సరిగ్గా తినట్లేదు. ఆదివారం పెద్ద బాధ్యత నెత్తినెట్టుకుంటన్నాడు కదా, ఆ బెంగే. వాడికి ఆ యార్డులో ఏటుంది చెప్పు? నీ క్లాసొక్కటే వాడికి నలుగురిలో మర్యాద. నువ్వు దగ్గరుండి నిలబెట్టాలి."

"అలాగే అక్కా."

"నాన్నగారుంటే ఎంత మురిసిపోయేవారో."

ఫోన్ పెట్టేసేసరికి ప్రణవే గుమ్మంలో ఉన్నాడు, తల్లి పంపిన వంకాయ కూర డబ్బాతో. జయదేవ్ భార్య సుందరి డబ్బా అందుకుని టీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది. ఇద్దరూ టీవీ వైపు మొహాలు పెట్టుకుని కూర్చున్నారు. టీవీలో ఏం వస్తోందో ఇద్దరికీ తెలియదు.

మూడు వారాల కిందట చాయ్ కొట్టు దగ్గర జరిగింది జయదేవ్‌కి గుర్తొచ్చింది. ప్రణవ్ ఏదో చెబుతుంటే విశాల్ నవ్వి, మీరు మాట్లాడేది తెలుగంటే మా అమ్మ నమ్మదు భాయ్, సగం బెంగాలీ, సగం ఇంకేదో, అన్నాడు. సరదాకే అన్నాడు. అందరూ నవ్వారు. ప్రణవ్ కూడా నవ్వాడు. కాకపోతే ఆ రోజు నుంచి వాడు విశాల్ ఉన్నచోట హిందీలోనే మాట్లాడుతున్నాడు. తాత కాలం నుంచి ఈ ఊళ్ళో బతుకుతూ, ఇంట్లో తప్ప ఎక్కడా వినబడని భాషని గుండెల్లో పెట్టుకున్నవాడికి అది ఎక్కడ తగిలిందో జయదేవ్‌కి తెలుసు. తెలిసినంత మాత్రాన ఎముక అతుక్కోదు.

టీ అయిపోయింది. ప్రణవ్ చెప్పులు వేసుకుని కూడా కదల్లేదు. తలుపు గొళ్ళెం పట్టుకుని, దాన్ని తీస్తూ వేస్తూ నిలబడ్డాడు.

"ఇంకేటైనా ఉందా మావయ్యా?"

జయదేవ్ నోరు తెరిచాడు. అడిగితే వాడు ఒప్పుకుంటాడు. ఒప్పుకుంటే కూర్చోబెట్టాలి. కూర్చోబెడితే అక్క ఏడుస్తుంది.

"ఏటుంటాది? జాగ్రత్తగా వెళ్ళు."

వాడు మెట్లు దిగి వెళ్ళిపోయాడు. సుందరి గ్లాసులు తీస్తూ భర్త మొహంలోకి చూసింది.

"వాడేదో చెప్పడానికి వచ్చినట్టున్నాడు."

"వంకాయ కూర ఇవ్వడానికి వచ్చాడు."

"కూర ఇవ్వడానికి వచ్చినోడు గొళ్ళెం ఊడదీసినంత పని చేస్తాడేటి?" అని ఆమె లోపలికి పోయింది.

గురువారం ఆఫీసు నుంచి అరపూట సెలవు పెట్టి జయదేవ్ న్యూటౌన్ వెళ్ళాడు. సుందరి పెసరపప్పు చారు, మెత్తటి అన్నం కట్టి ఇచ్చింది. విశాల్ ఉండేది తొమ్మిదో అంతస్తులో. గదిలో మంచం, కుర్చీ, రెండు కంప్యూటర్ తెరలు. అతను మంచం మీద మూడు దిండ్లు వీపు వెనక పెట్టుకుని నిటారుగా కూర్చుని ఉన్నాడు.

"పండుకుంటే లేవొస్తలేదన్నా. ఇట్లనే కూసొని నిద్రపోతున్న."

జయదేవ్ డబ్బా విప్పి, చారు గిన్నెలో పోసి, స్పూను చేతికిచ్చాడు. విశాల్ ఎడమచేత్తో మెల్లగా తాగాడు. దగ్గొచ్చింది. దగ్గబోయి ఆపుకోవడానికి అతను చేసిన ప్రయత్నం చూడలేక జయదేవ్ కిటికీలోంచి కిందికి చూశాడు. రోడ్డు మీద ఖాళీ బస్సొకటి పోతోంది.

"ఇంట్లో చెప్పావా?"

"లేదన్నా. చెప్తే రేపే రైలెక్కి వస్తరు." గిన్నె పక్కన పెట్టాడు. "ఒకటి అడుగుదునా?"

"అడుగు."

"నేను చెప్పకపోయుంటే ఆయనకు ఏడ కొట్టాల్నో తెల్వకపోవు గదా?"

జయదేవ్ గిన్నె తన చేతిలోకి తీసుకున్నాడు.

"నాకు ఎక్కడ కొట్టాలో నేనే చూపించిన. చెయ్యి పెట్టి మరీ చూపించిన. అదే నవ్వొస్తున్నది. నవ్వితే నొస్తున్నది." అతను నవ్వలేదు. "దెబ్బకు కాదన్నా. దెబ్బలు తింటనే వస్త గదా ప్రతి ఆదివారం. మీరు ఇద్దర్నీ చూసుకొమ్మన్నరు. నేను ఏం చూసుకోవాల్నన్నా?"

ఆ ప్రశ్నకి జవాబు జయదేవ్ దగ్గర ఉంది. నాలుక చివరే ఉంది. 'ఆదివారం రానీ, నేను చూసుకుంటాను' అని మాత్రం గొణిగి, డబ్బా కడిగి తెచ్చుకున్నాడు. లిఫ్టు కోసం ఆగకుండా తొమ్మిది అంతస్తులూ మెట్ల మీదే దిగాడు. బస్సులో కిటికీ పక్కన చోటు దొరికినా ఆ పూట నిద్ర పట్టలేదు.

ఆదివారం పొద్దున్న హాలు నిండుగా ఉంది. క్లాసు చేతులు మారుతోందని నసీమ్ భాయ్ తన వాళ్ళందర్నీ తీసుకొచ్చాడు. మిఠాయి పెట్టె కూడా తెచ్చాడు. జయదేవ్ గోళ్ళు చూశాడు. ఉంగరాలు తీయించాడు. గార్డుల లోపల స్పాంజిని బొటనవేలితో నొక్కి చూశాడు. చెప్పాల్సినవన్నీ చెప్పాడు. తెలిసి కొట్టినవాళ్ళు గోడవారన కూర్చోవాలన్న ముక్క దగ్గర ఆగాడు. నీళ్ళు తాగి, చెప్పకుండా దాటేశాడు.

మొదటి జత ముందుకొచ్చింది.

"నాకేమీ లేదు," అన్నాడొకడు.

"నాకూ లేదు," అన్నాడు రెండోవాడు.

రెండో జతా అంతే. సమీర పొడుగు చేతుల చొక్కా వేసుకొచ్చింది. మోచేతి దగ్గర లోపల పట్టీ ఉబ్బెత్తుగా కనబడుతోంది. "ఏమీ లేదు," అంది, ఎటో చూస్తూ. ఎప్పుడూ నడుము గురించి పురాణం చెప్పే నసీమ్ భాయ్ "కుఛ్ నహీ" అని గ్లవ్స్ తొడుక్కున్నాడు. ఒక్కొక్కరూ ఏమీ లేదంటూ చాప మీదకి వచ్చారు, ఏమీ లేదంటూ దిగారు. ఊళ్ళో ఉన్న ఆరోగ్యమంతా ఆ హాల్లోకి వచ్చి పడినట్టుంది. ఎవరూ విశాల్ పేరు ఎత్తలేదు. ఎవరూ ఎవర్నీ నిందించలేదు. ఒక్క వారంలో అందరూ దాచుకోవడం నేర్చుకున్నారు, అంతే. జయదేవ్ విజిల్ ఊదుతూ ఉన్నాడు. ఒంట్లో ఉన్న అలసటంతా ఒక్కచోట గడ్డకట్టి కోపమవుతోందని అతనికి తెలుస్తూనే ఉంది.

ఆఖరి జత జయదేవ్, ప్రణవ్. అప్పగించేవాడూ అందుకునేవాడూ తలపడాలని నసీమ్ భాయ్ కోరిక. విజిల్ ఆయన తీసుకున్నాడు.

"చెప్పుకోండి," అన్నాడు.

"నాకేటీ లేదు," అన్నాడు జయదేవ్. ఎడమ భుజం లోపల సలుపుతూనే ఉంది.

ప్రణవ్ వంగి తన కాలు చూపించాడు.

"కుడికాలు. చీలమండ," అన్నాడు, అందరికీ వినబడేలా. "మొన్న యార్డులో నిచ్చెన దిగుతుంటే మడత పడింది. బరువు ఆనుతుంది గానీ, పక్కకి తిరిగితే ప్రాణం పోతంది."

ఆ పూట హాల్లో నొప్పి చెప్పినవాడు వాడొక్కడే. జయదేవ్‌కి ఒళ్ళు మండిపోయింది. అంతమంది నోళ్ళు మూయించినవాడు ఎంత ధీమాగా, ఎంత నమ్మకంగా చెబుతున్నాడు! తనకి మాత్రం ఎవరూ ఏమీ చెయ్యరని కాబోలు.

"విన్నాను," అన్నాడు.

విజిల్ పడింది. ప్రణవ్ మేనమామతో గౌరవంగానే ఆడుతున్నాడు. గట్టిగా రావడం లేదు, మొహం మీదకి చెయ్యి తేవడం లేదు. ఎడమ భుజం వైపు ఒక్కసారీ రాలేదు. చెప్పకపోయినా వాడికి తెలిసినట్టుంది. జయదేవ్ రెండుసార్లు ఛాతీ మీద తట్టాడు. వాడు తల ఊపాడు. నొప్పికాలు ముందుకి పెట్టకుండా, తనకి అలవాటైనట్టే ఎడమకాలు ముందుంచి, కుడికాలు వెనక జాగ్రత్తగా లాక్కుంటూ తిరుగుతున్నాడు. ఒక మలుపులో ఆ కాలు పక్కకొచ్చింది. దాన్ని కాచుకునే ప్రయత్నమేదీ వాడు చెయ్యలేదు. చెప్పేశాడు కదా, ఇంక అది మేనమామ పూచీ.

జయదేవ్ పాదం నేలకి వారగా వెళ్ళి సరిగ్గా అక్కడే తగిలింది.

ప్రణవ్ అరిచాడు. చాప మీద పక్కకి పడి, రెండు చేతులతో చీలమండ పట్టుకుని ముడుచుకుపోయాడు. నసీమ్ భాయ్ విజిల్ ఊదడం కూడా మర్చిపోయాడు. సమీర ఐసు డబ్బా దగ్గరికి పరిగెత్తింది. జయదేవ్ నిలబడ్డచోటే నిలబడ్డాడు. తన్నిన కాలు ఇంకా వేడిగా ఉంది. అది తన కాలే.

"హోతా హై, దాదా, హోతా హై," అని నసీమ్ భాయ్ అతని వీపు తట్టాడు.

"పర్లేదు," అన్నాడు ప్రణవ్, పళ్ళు బిగబట్టి. "మావయ్య చూసుకోలేదు."

ఎవరో అవునన్నారు. వయసు మీదపడితే కాలు అంచనా తప్పుతుందన్నారు ఇంకెవరో. వారం కిందట విన్న మాటలే. అప్పుడు అవి ఎంత హాయిగా అనిపించాయో జయదేవ్‌కి గుర్తుంది. ఇప్పుడూ తల ఊపేస్తే చాలు, మిఠాయి పెట్టె తెరుచుకుంటుంది.

"చూశాను," అన్నాడు.

"క్యా?" అన్నాడు నసీమ్ భాయ్.

"చూసే కొట్టాను. వాడు చెప్పాడు, నేను విన్నాను, విని అక్కడే కొట్టాను." అతను గ్లవ్స్ పట్టీలు పళ్ళతో లాగి ఊడదీశాడు. "పోయిన ఆదివారం కూడా చూశాను. చూసి ఊరుకున్నాను."

పోయిన ఆదివారం అంటే ఏమిటో విడమర్చి చెప్పాల్సిన అవసరం లేకపోయింది. ఒక్కొక్కరి చూపూ చాప మీద పడి ఉన్న ప్రణవ్ వైపు తిరిగింది. ప్రణవ్ మొహం చేతుల్లో దాచుకున్నాడు. సమీర ఐసు గుడ్డ పట్టుకుని సగం దూరంలో ఆగిపోయింది, ఎవరికి ఇవ్వాలో తెలియనట్టు. తర్వాత వచ్చి వాడి చీలమండకే చుట్టింది.

నసీమ్ భాయ్ చాలాసేపు విజిల్‌ని అరచేతిలో తిప్పుతూ నిలబడ్డాడు.

"జయదేవ్ దాదా," అన్నాడు చివరికి, "గోడవారన కూర్చోండి. ఇద్దరూ. ఈ చలికాలానికి."

గార్డెన్ రీచ్ వాళ్ళలో ఇద్దరు సంచులు సర్దుకుని, ఇలాంటి చోటికి ఇక రామని చెప్పే వెళ్ళిపోయారు. వాళ్ళని ఎవరూ ఆపలేదు. మిఠాయి పెట్టె కట్టు విప్పకుండానే కిటికీ గూట్లో ఉండిపోయింది. విజిల్ సమీర చేతికి వెళ్ళింది. ఆమె దాన్ని ఊదకుండా మళ్ళీ చాప మీదకి వచ్చింది. చొక్కా చెయ్యి పైకి మడిచి, "మోచెయ్యి," అంది, "వారం నుంచి." కాసేపటికి ఆమెకి ఎదురుగా నిలబడ్డ అమ్మాయి "విన్నాను" అంది. ఆ గొంతులో నమ్మకం పెద్దగా లేదు. ఆట మాత్రం మొదలైంది.

గోడకి ఆనుకుని మామా అల్లుళ్ళు పక్కపక్కన కూర్చున్నారు. ఐసు కరిగి చాప కిందకి కారుతోంది.

"నువ్వు చూసావని నాకు ఆ రోజే తెలుసు," అన్నాడు ప్రణవ్, ముందుకే చూస్తూ. "కాలు మార్చినప్పుడే తెలుసు. విజిల్ ఊదుతావనుకున్నాను. ఊదలేదు. ఇంటికొస్తే అడుగుతావనుకున్నాను. నేనే వచ్చేను, గుమ్మంలో అంతసేపు నిలబడ్డాను. ఏటుంటాదన్నావు. వారమంతా ఫోన్ మోగితే నువ్వేననుకున్నాను మావయ్యా." వాడు చాప మీద నీళ్ళని అరచేత్తో తుడిచాడు. "అప్పుడే కూర్చోబెట్టీసుంటే సరిపోయేది కదా. ఇలా కొట్టడం దేనికి?"

ఉన్న ఒక్క జవాబూ చెప్పడానికి జయదేవ్‌కి సిగ్గేసింది. అయినా చెప్పాడు.

"నిన్ను కూర్చోబెడితే మళ్ళీ నేనే నిలబడాలి కదరా. అలిసిపోనాను."

ప్రణవ్ తిరిగి అతన్ని చూశాడు. నవ్వో ఏడుపో తెలియని శబ్దమొకటి వాడి ముక్కులోంచి వచ్చింది. చాప మీద ఎవరో "బస్" అన్నారు. ఇద్దరు ఆడేవాళ్ళూ అక్కడికక్కడే ఆగారు. ఎందుకని ఎవరూ అడగలేదు.

"లే," అన్నాడు జయదేవ్. "ముందు ఆ కాలికి ఎక్స్‌రే తీయించి, అట్నించి అటే న్యూటౌన్ వెళ్దాం."

"ఏటని చెప్తాం?"

"నీది నువ్వు చెప్పు. నాది నేను చెప్తాను."

"వాడు తలుపు తియ్యకపోతే?"

జయదేవ్ గోడ పట్టుకుని మెల్లగా లేచి, వాడి చంక కింద చెయ్యి వేశాడు.

"మెట్ల మీద కూర్చుందాం. ఈ చలికాలమంతా మనకింకేటి పని?"